పిలిస్తే పలికే పేరు

గవరపాలెం, అనకాపల్లి
2-7-2003

ప్రియమైన అక్కా,

వందనాలు. నేను బాగున్నాను. వర్షాలు మొదలయ్యాయి కదా, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయి.

నిన్న మా ఇంట్లోకి ఒక కుక్క వచ్చింది. మంగళవారం, శుక్రవారం రాజయ్యపేట నుంచి ఆటోలో చేపలు తెచ్చే కొర్లమ్మ నీకు తెలుసు. గంప దించుతుంటే ఆవిడ వెనకాలే ఆటోలోంచి ఇది కూడా దిగింది. నేరుగా మెట్లెక్కి, వసారాలో నీ మరదలు ఫెబా కూర్చునే చోట కూర్చుంది. "నీదా?" అని అడిగితే కొర్లమ్మ, "నాదేటి బాబూ, ఒడ్డుమీద కుక్క ఎవులిదని సెప్పగలం? సేపల వాసనకి ఆటో ఎక్కేసింది. ఆడది. ఉంచుకో, తోడుంటాది" అని నెత్తళ్ళు కొలిచి పోసి వెళ్ళిపోయింది.

మొదటి రకం బెల్లం రంగు. తోక చివర మాత్రం తెలుపు. ఏడాది వయసుంటుందేమో. మొహం చూస్తే ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఉంటుంది.

అక్కా, దీనికి పేరు కావాలి. మన చుట్టాల్లో నలభై ఒక్కమంది పిల్లలకి పేర్లు పెట్టింది నువ్వే. మేనత్తవి కాబట్టి ఈ హక్కు కూడా నీదే. పాతకాలపు పేరు పంపు. నిలిచేది, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చేది. ఇప్పటి పిల్లల పేర్లలా నోట్లోనే కరిగిపోయేది వద్దు.

ఇంత పట్టింపు ఎందుకంటావేమో. ముప్పై ఏళ్ళు బెల్లం మార్కెట్లో వేలం కేకలు వేసిన గొంతు నాది. రిటైరయ్యాక ఆదివారం గుడిలో వాక్యం చదవడానికి తప్ప దానికి పని లేదు. ఫెబా పోయి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో ఈ ఇంట్లో నేను ఎవరినీ పేరుపెట్టి పిలవలేదు. పొద్దున్నే అరుగు మీద నిలబడి వాన చూస్తూ ఉంటే, ఊరికే, ఎవరినో ఒకరిని పిలవాలనిపిస్తుంది.

నీ తమ్ముడు,
హనోకు

తా.క.: నేను పైకి చదువుకుంటూ రాస్తానని నీకు తెలుసు. ఫెబా పక్కన కూర్చుని తప్పులు పట్టేది. ఇప్పుడు అదే చోట కూర్చుని ఇది వింటోంది. ఇంతవరకూ ఒక్క తప్పూ పట్టలేదు.


రాంబిల్లి
5-7-2003

చిరంజీవి హనోకుకు,

అక్క ఆశీస్సులు. అరవై మూడేళ్ళు వచ్చాక ఇలాంటిదానికి మేనత్తనవుతానని అనుకోలేదు. సరే, ప్రభువు చిత్తం.

ఒక మాట ముందే చెబుతున్నాను. వచ్చింది ఏ జాతిదో ఆ మాట నేను కార్డు మీద రాయను. కార్డు పదిమంది చేతులు మారుతుంది. ఆ మాట కనబడితే రిటైర్డ్ టీచరు తమ్ముణ్ణి తిడుతోందనుకుంటారు. అందుకని 'ఆవిడగారు' అంటాను. నువ్వు అర్థం చేసుకో.

రూతు, ఎస్తేరు, మార్త, మరియ, ఈ పేర్ల జోలికి పోకు. ఆ పేర్లవాళ్ళతో మీ గుడిలో రెండు వరసలు నిండుతాయి. మా మిషన్ బడిలో దొరసానులు ఇష్టంగా పెట్టుకున్న పేర్లు మూడున్నాయి. లిల్లీ, రోజీ, డైసీ. పాతవి, గట్టివి. ఒక్కొక్కటి నాలుగు రోజులు పిలిచి చూడు. ఆవిడగారు ఏ పేరుకు పలికితే అదే పేరు. పొద్దున్నే పరగడుపున పిలవాలి. గొంతు దాచుకోకు.

ఇట్లు,
మీ అక్క సువార్త

తా.క.: ఫోను చేయకు. నా చెవికి ఫోనులో గుయ్యిమనడం తప్ప ఏమీ వినపడదు. నేను ఎప్పటిలాగే కార్డులే రాస్తాను. మనకు దాచుకోవలసినవి ఏమున్నాయి?


అనకాపల్లి
15-7-2003

ప్రియమైన అక్కా,

వందనాలు. నువ్వు చెప్పినట్టే చేశాను.

మొదటి రోజు తెల్లవారగానే అరుగు మీద నిలబడి "లిల్లీ!" అని పిలిచాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో. గొంతు తడి మట్టి మీద జారుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళింది. కుక్క కదలలేదు. ఎదురింటి లిల్లీ నర్సమ్మ మాత్రం నోట్లో బ్రష్షుతో బయటికొచ్చింది. "ఏటి బాబాయ్, ఒంట్లో బాగులేదేటి?" అంది. నిన్ను కాదమ్మా అన్నాను. రెండో రోజు కూడా వచ్చింది. మూడో రోజు బీపీ మిషను పట్టుకొచ్చింది. నాలుగో రోజు వాళ్ళాయన వచ్చాడు. లిల్లీ వదిలేశాను.

తర్వాత రోజీ. ఇక్కడ జరిగింది రాయాలంటే సిగ్గుగా ఉంది. పాస్టరు జయప్రకాశ్ గారి అత్తగారు రోజమ్మ మా వీధి చివర ఉంటారు. పదేళ్ళుగా ఆవిడకు చెవుడు. పక్కన డప్పు కొట్టినా తిరిగి చూడరు. ఆదివారం గుడిలో ఆవిడ సాక్ష్యం చెప్పడానికి లేచారు. తెల్లవారుజామున తన పడక మీద ఉండగా ఒక గొప్ప స్వరం తనను చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచిందట. రెండు రోజులు వరసగా, మూడేసిసార్లు. తన చెవులు తెరుచుకున్నాయని ఏడ్చారు. సంఘమంతా స్తోత్రం అంది. వాక్యం చదవవలసినవాణ్ణి, నా గొంతు వింటే ఆవిడ పోల్చుకుంటారేమోనని ఆ రోజు దగ్గు నటించి సన్నగా చదివాను.

డైసీని అసలు పిలవలేదు. ఆ పేరున్న అమ్మాయి ఆదివారం బడిలో పాఠాలు చెబుతుంది, పెళ్ళిచూపులు నడుస్తున్నాయి. నాకెందుకు?

మధ్యాహ్నాలు వాన పడుతూ ఉంటే వసారాలో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుంటాను. మార్కెట్ వైపు నుంచి పాత బెల్లం వాసన తడిగాలిలో వస్తుంది. అప్పుడు దీని పేరు నాకు తెలిసిపోయినట్టే ఉంటుంది. నాలుక చివరిదాకా వస్తుంది. కళ్ళు తెరవగానే పోతుంది. అక్కా, ఇంకేదైనా పేరు పంపు.

నీ తమ్ముడు,
హనోకు

తా.క.: రోజమ్మగారికి నిజం చెప్పేయమంటావా?


రాంబిల్లి
19-7-2003

చిరంజీవి హనోకుకు,

ఆశీస్సులు. రోజమ్మకు చెప్పావంటే ఊరుకోను. ఎవరు పిలిస్తేనేం, వినపడింది కదా. ఆ సంతోషం ఆవిడది.

ఇక ఆవిడగారి సంగతి. పేరు సరే, పద్ధతి కూడా మొదటి నుంచీ నేర్పాలి. మంచం మాత్రం ఎక్కనివ్వకు. ఒకసారి అలవాటైతే దింపలేవు. వారానికి ఒకసారి నువ్వే స్నానం చేయించు. తల దువ్వి పేలు చూడు. మెడలో ఏదైనా ఒకటి కట్టు. కట్టకుండా ఇంట్లో ఉంచుకుంటే రేపు నలుగురూ అడుగుతారు, నీదని చెప్పుకోవడానికి నీకు ఆధారం ఉండదు.

ఇవి రాణుల పేర్లు, మీ పేటలో ఎవరికీ ఉండవు. విక్టోరియా, ఎలిజబెత్. పిలిచి చూడు.

ఇట్లు,
మీ అక్క సువార్త

తా.క.: ఆవిడగారికి కోపమొచ్చినప్పుడు దొరక్కుండా చెప్పులు అటక మీద పెట్టు.


అనకాపల్లి
25-7-2003

ప్రియమైన అక్కా,

వందనాలు. మా వీధివాళ్ళు ఎంత మంచివాళ్ళో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

నీ కార్డు తెచ్చినప్పుడు పోస్ట్‌మాన్ త్రినాధరావు చాలాసేపు నిలబడ్డాడు. "మీ అక్కగారు మంచి మాట రాసేరండీ. మెడలో కట్టేయండి. ఈ వయసులో తప్పేటుంది?" అన్నాడు. మూగజీవాల మీద అతనికి ఇంత ప్రేమ ఉందనుకోలేదు. వీధి చివర దేముడు నడిపే టీ కొట్టు దగ్గర కూడా అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. ఒకాయన లేచి కుర్చీ ఇచ్చాడు.

బుధవారం సాయంత్రం పాస్టరమ్మగారు, స్త్రీల సమాజంవాళ్ళు ఇద్దరు వచ్చారు. అరటిపళ్ళు, ఒక జాకెట్టు ముక్క తెచ్చారు. "ఆవిడ ఏదీ?" అన్నారు మెల్లగా. కుక్కను వాళ్ళు కూడా నీలాగే ఆవిడ అంటుంటే నాకు ముచ్చటేసింది.

"మంచం కింద ఉందండీ. కొత్తవాళ్ళను చూస్తే సిగ్గు" అన్నాను.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "భోజనం?" అన్నారు. "నేను తినగా మిగిలింది పెడతాను. నెత్తళ్ళ తలకాయలంటే ప్రాణం" అన్నాను. పాస్టరమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఎవరి పిల్ల?" అన్నారు. "ఎవరిదని చెప్పగలమండీ, చేపల ఆటోలో వచ్చింది, కొర్లమ్మ వదిలేసి పోయింది" అన్నాను. "ఒకసారి బయటికి పిలవండి, చూసి వెళ్తాం" అన్నారు.

అక్కా, అప్పుడు నాకు నిజంగా దుఃఖం వచ్చింది. "పిలుద్దామంటే ఇంకా పేరు లేదండీ" అన్నాను. వాళ్ళు అక్కడే మోకరించి చాలాసేపు ప్రార్థన చేశారు. అందులో నా పేరు ఐదుసార్లు వచ్చింది.

జాకెట్టు ముక్క దేనికో అర్థం కాలేదు. పసుపు రంగు మీద చిన్న పువ్వులు. మడతపెట్టి కుక్క మెడకు కట్టాను. బాగా నప్పింది.

విక్టోరియా అని పిలిస్తే టీ కొట్టు దగ్గర నలుగురు లేచి నిలబడ్డారు. కుక్క లేవలేదు. ఎలిజబెత్‌కు ఆవులించింది. మధ్యాహ్నం కునుకులో ఫెబా కనబడింది. తడి జుట్టు ఆరబెట్టుకుంటూ, "అంత తేలికైన పేరు తెలియలేదా?" అని నవ్వి చెప్పింది కూడా. లేచేసరికి పేరు పోయింది, నవ్వు మాత్రం గుర్తుంది.

నీ తమ్ముడు,
హనోకు

తా.క.: ఈ ఉత్తరం మొదలుపెట్టగానే మంచం కింద నుంచి దానంతట అదే వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ప్రతిసారీ అంతే. రాతకోతల మీద మనసున్నట్టుంది. మేనత్త పోలిక.


రాంబిల్లి
30-7-2003

హనోకూ,

జీవితంలో మొదటిసారి కార్డు కాకుండా కవరు రాస్తున్నాను. దీన్నిబట్టే సంగతి ఎంత పెద్దదో అర్థం చేసుకో.

మీ పాస్టరు జయప్రకాశ్ నాకు రెండు పేజీల ఉత్తరం రాశాడు. నా దగ్గర మూడో తరగతి చదివినవాడు, చేతిరాత ఇప్పటికీ బాగుపడలేదు. నువ్వు ఒక అనాథ స్త్రీని చేపల ఆటోలో రప్పించుకుని, పేరు కూడా పెట్టకుండా మంచం కింద దాచి, చేప తలకాయలు పెడుతున్నావట. పొద్దున్నే పరాయి ఆడవాళ్ళను పేర్లు పెట్టి కేకలేస్తున్నావట. ఇందులో నా ప్రోత్సాహం ఉందని నా కార్డులే సాక్ష్యమట. పెద్దదాన్ని, కాస్త బుద్ధి చెప్పమని రాశాడు.

మొదట నవ్వాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. నీ ఇంటికి ఎవరో వచ్చారు. ఫెబా చోట కూర్చున్నారు. నువ్వు రాసేది శ్రద్ధగా వింటున్నారు. ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు మొహం పెడతారు. సిగ్గు ఎక్కువ. పసుపు రంగు నప్పుతుంది.

తమ్ముడూ, నిజం చెప్పు. అది కుక్కేనా?

నేను కోప్పడను. ఫెబా పోయి నాలుగేళ్ళయింది. నువ్వూ మనిషివే. ఒంటరితనం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా? తోడు కావాలనుకోవడం పాపం కాదు. కాని మంచం కింద ఉంచడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

మీ అక్క,
సువార్త

తా.క.: ఒకవేళ మనిషే అయితే పేరు ఆవిడనే అడుగు. తెలిసే ఉంటుంది.


అనకాపల్లి
5-8-2003

ప్రియమైన అక్కా,

కుక్కే. నాలుగు కాళ్ళు, ఒక తోక. నువ్వు కూడా అడిగావు కదా, అదే బాధగా ఉంది.

నీ కవరు చదివాక అంతా అర్థమైంది. త్రినాధరావు చిరునవ్వు, ఆ కుర్చీ, ఆ జాకెట్టు ముక్క. ఆదివారం గుడికి వెళ్తే గుమ్మంలోనే పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని, "హనోకు గారూ, కొన్ని వారాలు వాక్యానికి విశ్రాంతి తీసుకోండి" అన్నారు. వేరే ఆయన చదివాడు. మూడో వరస దాటి వినపడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ పుస్తకం ముందు నిలబడ్డాను అక్కా. వెనక బెంచీలో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈరోజు పొద్దున్న నేనే వెళ్ళి, "అయ్యా, అది కుక్క" అన్నాను. ఆయన మెల్లగా, "అలాగా. అయితే చూపించండి" అన్నారు. ఇద్దరం వచ్చాం. ఇల్లు ఖాళీ. మంచం కింద చిన్న దిండు, పక్కన దువ్వెన. పాస్టరుగారు ఆ రెండింటినీ చూసి నిట్టూర్చారు. ఈరోజు మంగళవారం కదా. నేను గుడి దగ్గర ఉండగా కొర్లమ్మ వచ్చిందట. వెనక్కి వెళ్తూ ఉంటే ఆవిడ వెనకాలే ఇది కూడా ఆటో ఎక్కేసిందని ఎదురింటి లిల్లీ చెప్పింది. "ఎవరమ్మా ఎక్కింది?" అని పాస్టరుగారు అడిగారు. లిల్లీ, "నేను సరిగ్గా సూడలేదండి, పసుపు గుడ్డ ఒకటి కనబడింది" అంది. అయిపోయింది నా పని.

శుక్రవారం పాస్టరుగారు తన స్కూటరు మీద నన్ను రాజయ్యపేట తీసుకెళ్తానన్నారు. మనిషి మంచివాడే. "మీరు పిలవండి. మీ కుక్కయితే వస్తుంది. వస్తే ఆదివారం వాక్యం మీదే" అన్నారు. ఏ పేరుతో పిలవను?

గుడి సంగతి, పరువు సంగతి పక్కన పెట్టు. సాయంత్రం వసారాలో కూర్చుంటే ఎదురుగా ఆ చోటు ఖాళీగా ఉంది. నాలుగేళ్ళ కిందట ఒకసారి ఆ ఖాళీని చూశాను. మళ్ళీ చూడలేను. ఐదు వారాలు ఉంచుకుని ఒక పేరు పెట్టలేకపోయాను. పేరు లేని ఇంట్లో ఎవరుంటారు? దాని తప్పు లేదు.

పోస్టులో ఆలస్యమవుతుందని ఈ కవరు రాంబిల్లి బస్సు కండక్టరుకు ఇస్తున్నాను. అక్కా, శుక్రవారంలోగా ఒక్క పేరు పంపు. ఒక్కటి చాలు.

నీ తమ్ముడు,
హనోకు

తా.క.: ఈసారి ఉత్తరం మొదలుపెడితే ఎవరూ రాలేదు.


రాంబిల్లి
7-8-2003

చిరంజీవి హనోకుకు,

కుక్కేనని నమ్మాను. అడిగినందుకు క్షమించు.

అదే కండక్టరు చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. నిన్న సాయంత్రం నుంచి నా పేర్ల నోటుపుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఒక్క పేర్లు. ప్రతి పేరు కింద పుట్టిన తేదీ, ఎవరి బిడ్డ, ఉయ్యాలలో నేను మొదటిసారి పిలిచినప్పుడు నవ్విందా ఏడ్చిందా, అన్నీ రాసుకున్నాను. నలభై రెండో పేజీ తెల్లగా ఉంది. ఎంత ఆలోచించినా ఏమీ తోచడం లేదు. మంచి పేర్లన్నీ పంచేశాను తమ్ముడూ. నాకంటూ ఒక్కటీ దాచుకోలేదు.

నిన్ను ఒట్టి చేతులతో పంపుతున్నాను. ప్రార్థన చేస్తూ ఉంటాను.

మీ అక్క,
సువార్త

తా.క.: పేరు లేకపోయినా గొంతుంది కదా. వెళ్ళు.


రాజయ్యపేట, సముద్రం ఒడ్డు
8-8-2003

ప్రియమైన అ

ఈ పొడుగాటి గీత ఏమిటో, కాగితం మీద ఈ తడి కాలి గుర్తు ఏమిటో చెబుతాను. ముందు ఊపిరి తీసుకోనీ.

పది గంటలకు వచ్చాం. వాన వెలిసింది. సముద్రం, ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి, ఎక్కడ ఏది మొదలవుతుందో తెలియడం లేదు. ఒడ్డంతా పడవలు, వలలు, కుక్కలు. అక్కా, ఎన్ని కుక్కలనుకున్నావు! సగం బెల్లం రంగువే. నా కళ్ళు మసకబారి అన్నీ మా కుక్కలాగే కనబడ్డాయి.

నిలబడి పిలిచాను. మార్కెట్లో ఎప్పుడూ అంత గొంతు పెట్టలేదు. లిల్లీ, రోజీ, డైసీ, విక్టోరియా, ఎలిజబెత్. వల బాగుచేసుకుంటున్నవాళ్ళు పని ఆపి చూశారు. ఒక్క కుక్క తల తిప్పలేదు. కొర్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "బాబూ, ఆ పేర్లకి మా కుక్కలు పలకవు. మా ఆడోళ్ళూ పలకరు" అంది. పాస్టరుగారు వాచీ చూసుకుని, "పోనీండి హనోకు గారూ" అన్నారు. ఆ పోనీండిలో కోపం లేదు, జాలి ఉంది. దాన్ని తట్టుకోవడం కష్టమైంది.

వలకుప్ప పక్కన ఇసకలో కూర్చున్నాను. ఏం చేయాలో తెలియనప్పుడు నేను చేసే పని ఒక్కటే. సంచిలోంచి కాగితం, పెన్ను తీశాను. అలల చప్పుడు ఎక్కువగా ఉంది, నా మాట నాకే వినపడదు. అందుకని మామూలు కంటే గట్టిగా చదువుకుంటూ మొదలుపెట్టాను.

"ప్రియమైన అక్కా!"

బోర్లించిన పడవ కింద నుంచి, మెడలో పసుపు జాకెట్టు ముక్కతో, ఇసక ఎగజిమ్ముకుంటూ వచ్చి నా చేతి మీద పడింది. పెన్ను కాగితం మీద అడ్డంగా పోయింది. అదీ ఆ గీత.

పాస్టరుగారు నోరు తెరుచుకుని చూశారు. తర్వాత జాకెట్టు ముక్క చూశారు. అది వాళ్ళావిడ కొన్నదే కదా, పోల్చుకున్నారు. కాసేపటికి ఆయనే కొంచెం దూరం నడిచి, దగ్గి, పరీక్షగా "అక్కా" అన్నారు. కుక్క తల తిప్పి చూసింది. "అక్కంటే వత్తాదేటి!" అని కొర్లమ్మ ఇసకలో కూలబడి నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఇప్పుడు అర్థమైంది. ఐదు వారాలుగా దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను రాసిన ప్రతి ఉత్తరం ఆ మాటతోనే మొదలుపెట్టాను. మధ్యలో ఏం రాయాలో తోచనప్పుడల్లా అక్కా అన్నాను. చిత్తుప్రతులు ఎన్ని రాశానో నీకు తెలియదు, రోజూ రాశాను. మిగతా పేర్లన్నీ రెండు రోజులో నాలుగు రోజులో ఉండి పోయాయి. నేను మనసు పెట్టి పిలిచింది ఆ ఒక్క పేరే. అది తనదే అనుకుంది.

అక్కా, నీ పేరు దానికి పోయింది. నేను పెట్టలేదు. తీసేయమంటే తీసేస్తాను, ఎలా తీయాలో మాత్రం తెలియదు. ఇప్పుడు నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. పాస్టరుగారు చెప్పులు విడిచి అలల్లో నిలబడ్డారు. ఇంకాసేపు ఇక్కడే ఉంటాం.

నీ తమ్ముడు,
హనోకు

తా.క. (ఆదివారం, అనకాపల్లి): ఈరోజు వాక్యం నేనే చదివాను. దేముడు టీ కొట్టు దాకా వినపడిందట. అక్క వచ్చిందని తెలిసి స్త్రీల సమాజంవాళ్ళు కృతజ్ఞతా ప్రార్థన చేశారు. పాస్టరుగారు వాళ్ళకు కుక్క సంగతి చెప్పారో, వాళ్ళు నువ్వే వచ్చావనుకున్నారో తెలియదు. నేను అడగలేదు. ఒక్కటే లోటు. పొద్దున్న నేను రోజీ అనడం మానేశాక రోజమ్మగారికి మళ్ళీ ఏమీ వినపడటం లేదు. వారానికి ఒకసారి ఆవిడ కోసం కూడా ఒక కేక వేద్దామా అని ఆలోచిస్తున్నాను.


రాంబిల్లి
12-8-2003

చిరంజీవి హనోకుకు,

ఆశీస్సులు. కార్డు మీదే రాస్తున్నాను, త్రినాధరావును చదువుకోనీ. నా తమ్ముడి ఇంట్లో ఉన్నది కుక్క. కుక్క, కుక్క, కుక్క. దాని పేరు అక్క.

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. నలభై ఒక్కమందికి పేర్లు పెట్టినదాన్ని, చివరికి నా పిలుపే కుక్కకు పోయిందా అనుకున్నాను. తర్వాత నవ్వు వచ్చింది. తర్వాత ఏడుపు వచ్చింది. అది ఎందుకో చెబుతాను.

ఇక్కడ నన్ను అందరూ టీచరమ్మా అంటారు. అక్కా అని పిలిచేవాడివి నువ్వొక్కడివే. ఫెబా పోయినప్పుడు వచ్చి, ఆ ఇంటిని చూడలేక మర్నాడే వచ్చేశాను. మళ్ళీ నీ గుమ్మం తొక్కలేదు. మోకాళ్ళని రాశాను, వర్షాలని రాశాను. నువ్వూ ఉత్తరాల్లోనే పిలిచావు, నేనూ కాగితం మీదే పలికాను. ఆ కుక్క ఐదు వారాలుగా రోజూ విన్న మాటను నేను నాలుగేళ్ళుగా చెవులతో వినలేదు. వినగానే అది పరిగెత్తుకొచ్చింది. నేను రాలేదు.

నలభై రెండో పేజీలో పేరు రాసేశాను. వెనక్కి తీసుకోను. పంచుకుంటాం.

ఇట్లు,
మీ అక్క సువార్త

తా.క.: శనివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా ఒక్కసారే పిలువు. ఇద్దరం వస్తాం. ఎవరు ముందొస్తే వాళ్ళకే చేప తలకాయ.